బీఎస్సీ మొదటి ఏడాది ఇనార్గానిక్ కెమిస్ట్రీ: ఏ పుస్తకం, ఏ భాష, ఏ దారి

ప్లస్‌టూ సైన్స్ పూర్తి చేసి ఒడిశాలో బరంపురంలోనో పర్లాకిమిడిలోనో రాయగడలోనో కెమిస్ట్రీ ఆనర్స్‌లో చేరిన తెలుగు పిల్లలు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటే: "ఇనార్గానిక్‌కి ఏ పుస్తకం చదవాలి సార్?" ఫిజికల్ కెమిస్ట్రీకి లెక్కలు వస్తే చాలని ధైర్యంగా ఉంటారు. ఆర్గానిక్ ఎలాగో అలవాటవుతుందనుకుంటారు. ఇనార్గానిక్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం టెన్షన్. అదంతా బట్టీ సబ్జెక్ట్ అని ముందు బ్యాచ్ వాళ్లు చెప్పి ఉంటారు. ఆ మాట నమ్మి పుస్తకం కొనడానికి వెళ్తే, బట్టీకి పనికొచ్చే పుస్తకమే చేతికి వస్తుంది.

ఇనార్గానిక్‌లో గుర్తుపెట్టుకోవాల్సినవి ఉన్నాయి, కాదనను. అయితే మొదటి ఏడాదిలో వచ్చేది చాలావరకు కారణాల చదువు. అందుకే ఏది ఎంచుకోవాలన్నా నేను చూసేది ఒక్కటే: "ఎందుకు" అని అడిగితే ఈ పుస్తకం, ఈ వీడియో, ఈ ట్యూషన్ ఎంత దూరం జవాబు చెప్తుంది? ధర, పేజీలు, భాష అన్నీ దాని తర్వాతే.

ఒక్క ప్రశ్న పట్టుకుని షాపుకి వెళ్లండి

పుస్తకం కొనేముందు దానిలో ఒక్క ప్రశ్నకు జవాబు వెతకండి. నైట్రోజన్ అయొనైజేషన్ ఎనర్జీ (పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని తీసెయ్యడానికి పట్టే శక్తి) ఆక్సిజన్ కంటే ఎందుకు ఎక్కువ? పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ ఈ విలువ పెరగాలి. బోరాన్‌కి 801, కార్బన్‌కి 1086, నైట్రోజన్‌కి 1402 కిలోజౌల్‌లు, మోల్‌కి. తర్వాత ఆక్సిజన్ దగ్గర 1314కి పడిపోయి, ఫ్లోరిన్ దగ్గర మళ్లీ 1681కి లేస్తుంది.

గైడ్ తెరిస్తే ఒక లైను ఉంటుంది: "నైట్రోజన్‌లో సగం నిండిన 2పీ ఆర్బిటాళ్లు ఉన్నందున స్థిరత్వం ఎక్కువ." రెండు మార్కులకు సరిపోతుంది. కానీ సగం నిండితే స్థిరత్వం ఎందుకు వస్తుందో అక్కడ ఉండదు.

మంచి ఆనర్స్ పుస్తకం ఇంకో అడుగు వేస్తుంది. ముందు స్లేటర్ నియమాలతో లెక్క కట్టిస్తుంది. ఈ నియమాలు 1930 నాటివి. బయటి ఎలక్ట్రాన్ మీద పనిచేసే నికర కేంద్రక ఆవేశం నైట్రోజన్‌కి 3.90, ఆక్సిజన్‌కి 4.55 వస్తుంది. అంటే ఈ లెక్క ప్రకారం ఆక్సిజన్‌దే ఎక్కువ కావాలి. లెక్క ఒకటి చెప్తోంది, కొలిచిన విలువ ఇంకోటి చెప్తోంది. ఈ తేడా ముందుకొచ్చినప్పుడే విద్యార్థి నిజంగా ఆలోచనలో పడతాడు. అప్పుడు పుస్తకం ఎక్స్ఛేంజ్ ఎనర్జీ తెస్తుంది: ఒకే వైపు స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ల జతలు ఎంత ఎక్కువైతే అంత స్థిరత్వం. ఒకే వైపు స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లను రెండేసి చొప్పున లెక్కపెడితే నైట్రోజన్ 2పీలో మూడు జతలు. ఒక ఎలక్ట్రాన్ తీసేస్తే ఒక్క జత మిగులుతుంది, రెండు పోతాయి. ఆక్సిజన్ 2పీలో నాలుగు ఎలక్ట్రాన్లు; మూడు ఒక వైపు స్పిన్‌తో, ఒకటి ఎదురు స్పిన్‌తో. ఊడిపోయేది ఆ ఎదురు స్పిన్ ఎలక్ట్రానే కాబట్టి మూడు జతలూ అలాగే ఉంటాయి, ఎక్స్ఛేంజ్ ఎనర్జీలో నష్టం లేదు. పైగా ఆ ఎలక్ట్రాన్ ఇంకో ఎలక్ట్రాన్‌తో ఒకే ఆర్బిటాల్‌లో ఇరుక్కుని ఉంది కాబట్టి వికర్షణ కూడా దాన్ని బయటికి నెడుతుంది.

ఇలా చదివినవాడికి పరీక్షలో ప్రశ్న తిప్పి అడిగినా భయం ఉండదు. ఉదాహరణకి, ఆక్సిజన్, ఫ్లోరిన్‌లలో దేని రెండో అయొనైజేషన్ ఎనర్జీ ఎక్కువ? గైడ్ లైను బట్టీ పట్టినవాడు ఫ్లోరిన్ అని రాస్తాడు. ఒక ఎలక్ట్రాన్ పోయిన ఆక్సిజన్‌ది ఇప్పుడు నైట్రోజన్ లాంటి అమరిక అని గుర్తుపట్టినవాడు ఆక్సిజన్ అని రాస్తాడు. ఆక్సిజన్‌కి 3388, ఫ్లోరిన్‌కి 3374. తేడా చిన్నదే, కానీ జవాబు మారిపోతుంది.

ఈ ఒక్క ప్రశ్నతో పుస్తకాన్ని పరీక్షించడానికి షాపులో పది నిమిషాలు చాలు. షాపువాడు విసుక్కుంటే కాలేజీ లైబ్రరీలో చూసుకోండి.

గైడు, ఆనర్స్ పుస్తకం, పెద్ద విదేశీ పుస్తకం

గైడ్‌లు పనికిరావని చెప్పను. యూనివర్సిటీ పాత ప్రశ్నలు ఒకచోట ఉంటాయి, జవాబు ఎంత పొడవు రాయాలో తెలుస్తుంది. పరీక్షకి రెండు వారాల ముందు తీసుకుంటే దాని పని అది చేస్తుంది. సెమిస్టర్ మొదటి రోజు నుంచి గైడ్‌తో మొదలుపెడితే మాత్రం నష్టం. మొదటి పేపర్ గట్టెక్కుతుంది. కోఆర్డినేషన్ కెమిస్ట్రీ వచ్చేసరికి ఏం జరుగుతోందో అర్థం కాదు, ఎందుకంటే అక్కడ కావాల్సిన ఎక్స్ఛేంజ్ ఎనర్జీ, జత కట్టించడానికి పట్టే శక్తి, డీ ఎలక్ట్రాన్ల బలహీనమైన కవచం, ఇవన్నీ మొదటి సెమిస్టర్‌లో దాటేసిన పేజీలే.

మన దేశపు రచయితలు ఆనర్స్ కోసం రాసిన పుస్తకం ఎక్కువమందికి సరైన ఎంపిక అని నా అభిప్రాయం. సిలబస్ వరస దగ్గరగా ఉంటుంది, చేసి చూపిన లెక్కలు ఉంటాయి, ఇంగ్లీష్ కూడా మన పిల్లలు అందుకోగలిగేదే. యూజీసీ సీబీసీఎస్ (కోర్సులు ఎంచుకునే క్రెడిట్ విధానం) నమూనా సిలబస్‌లో ఆనర్స్ మొదటి ఇనార్గానిక్ పేపర్ అటామిక్ స్ట్రక్చర్, పీరియాడిసిటీ, కెమికల్ బాండింగ్, ఆక్సిడేషన్-రిడక్షన్ అన్న నాలుగు భాగాలుగా ఉంటుంది. కొత్త విద్యా విధానం కింద పేపర్ల పేర్లు, క్రెడిట్లు మారుతూ ఉన్నా ఈ నాలుగు అంశాలు లేకుండా ఏ యూనివర్సిటీలోనూ ఇనార్గానిక్ మొదలవదు. మీ పుస్తకంలో ఈ నాలుగూ గట్టిగా ఉన్నాయా అని చూసుకోండి. చాలా పుస్తకాల్లో మొదటి మూడూ బాగుండి, ఆక్సిడేషన్-రిడక్షన్ భాగం నాలుగు పేజీల్లో ముగిసిపోతుంది. దాని సంగతి ల్యాబ్ దగ్గర చెప్తాను.

ఇక పెద్ద విదేశీ పాఠ్యపుస్తకాలు. వీటిలో రెండు రకాలు. ఒకటి గ్రూపుల వారీగా నడుస్తుంది: హైడ్రోజన్, క్షార లోహాలు, అలా హాలోజన్ల దాకా, తర్వాత డీ బ్లాక్. రెండోది భావనల వారీగా నడుస్తుంది: సిమెట్రీ, మాలిక్యులర్ ఆర్బిటాల్, ఆసిడ్-బేస్ సిద్ధాంతాలు. మొదటి ఏడాదిలో రెండో రకం జోలికి ఒంటరిగా వెళ్లొద్దు. సిమెట్రీ అధ్యాయం దగ్గరే ఆగిపోయి, "నాకు ఇనార్గానిక్ రాదు" అని తేల్చేసుకున్న తెలివైన పిల్లల్ని చూశాను. తప్పు వాళ్లది కాదు, ఆ పుస్తకం వాళ్ల ఏడాది కోసం రాసింది కాదు.

గ్రూపుల వారీ పుస్తకం గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అది ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ అవసరం. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యభారం తగ్గించినప్పుడు ప్లస్‌వన్, ప్లస్‌టూ కెమిస్ట్రీ పుస్తకాల్లోంచి హైడ్రోజన్, ఎస్ బ్లాక్, పీ బ్లాక్, లోహాల సంగ్రహణ, ఘనస్థితి అధ్యాయాలు తీసేశారు. ఆ పుస్తకాలు చదివి వచ్చిన పిల్లలకి అమోనియా తయారీ, బోరాన్ హైడ్రైడ్‌లు, గంధకం ఆమ్లాలు అసలు పరిచయమే ఉండవు. వాళ్లు ధోరణులు నేర్చుకుంటారు గానీ, ఏ మూలకాల ధోరణులో ఆ మూలకాలతో పరిచయం ఉండదు. అలాంటివాళ్లు లైబ్రరీలో గ్రూపుల వారీ పుస్తకం తీసుకుని వారానికి ఒక గ్రూపు కథలా చదువుకుంటూ పోవాలి. నోట్స్ అవసరం లేదు.

పదమూడో గ్రూపునే చూడండి. బోరాన్, అల్యూమినియం, గాలియం, ఇండియం, థాలియంల మొదటి అయొనైజేషన్ ఎనర్జీలు వరసగా 801, 578, 579, 558, 589. కిందికి వెళ్తే తగ్గాలి అన్న నియమం బోరాన్ నుంచి అల్యూమినియం దాకా నడిచి, గాలియం దగ్గర ఆగిపోతుంది. గాలియం ముందు పది 3డీ ఎలక్ట్రాన్లు వచ్చాయి, అవి కేంద్రకాన్ని సరిగా కప్పలేవు. థాలియం దగ్గర మళ్లీ పెరగడానికి 5డీ ఎలక్ట్రాన్లతో పాటు 4ఎఫ్ ఎలక్ట్రాన్లు కారణం. అదే లాంథనైడ్ సంకోచం. ధోరణి, మినహాయింపు, కారణం మూడూ ఐదు అంకెల్లో ఉన్నాయి. ఏ పుస్తకంలో ఈ ఐదు అంకెలూ వరసగా ఇచ్చి, పక్కన కారణం రాశారో అది కొనదగ్గ పుస్తకం.

మనం ఉన్న చోటు వల్ల గ్రూపుల వారీ చదువుకి ఇంకో లాభం ఉంది. కోరాపుట్ జిల్లా దమన్‌జోడీలో నాల్కో అల్యూమినా రిఫైనరీ ఉంది. పంచపట్‌మాలి కొండ మీది బాక్సైట్‌ని వేడి కాస్టిక్ సోడాలో కరిగిస్తారు. అల్యూమినియం ఆక్సైడ్ ద్విస్వభావి (ఆంఫోటెరిక్, అంటే ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరిపేది) కాబట్టి కరిగి అల్యూమినేట్ అవుతుంది. ఐరన్ ఆక్సైడ్ కరగదు, ఎర్రమట్టిగా మిగులుతుంది. పుస్తకంలో "ఆంఫోటెరిక్" అన్న ఒక్క ధర్మం మీద అంత పెద్ద ఫ్యాక్టరీ నడుస్తోంది. అక్కడ తయారైన అల్యూమినాని లోహంగా మార్చే ఎలక్ట్రాలిసిస్ అంగుల్‌లో జరుగుతుంది, దానికి బోలెడు కరెంటు కావాలి, బొగ్గు అటువైపు ఉంది. గంజాం జిల్లా ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుకలోంచి ఐఆర్‌ఈఎల్ సంస్థ ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ వేరు చేస్తుంది. ఆ జిర్కాన్‌లో జిర్కోనియంతో పాటు ఎప్పుడూ కాస్త హాఫ్నియం ఉంటుంది. రెండింటి పరిమాణాలు దాదాపు ఒకటే, కారణం మళ్లీ లాంథనైడ్ సంకోచమే. అంతగా కలిసిపోయి ఉండబట్టే 1923 దాకా హాఫ్నియం ఉన్న సంగతే తెలియలేదు. అణు రియాక్టర్ కోసం జిర్కోనియం వాడాలంటే హాఫ్నియాన్ని కష్టపడి తీసెయ్యాలి, ఎందుకంటే అది న్యూట్రాన్లని మింగేస్తుంది. బరంపురం నుంచి గంటలోపు ప్రయాణంలో ఉన్న ఇసుక ఇది. పుస్తకంలో ఈ పేజీ వచ్చినప్పుడు ఆ సంగతి తెలిసి చదివితే ఇక మర్చిపోలేరు.

తెలుగులో చదవాలా, ఇంగ్లీష్‌లో చదవాలా

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీష్. సరిహద్దు జిల్లాల పిల్లల పరిస్థితి ఇది. దీన్ని లోటుగా చూసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. అయితే ఏ భాష ఏ పనికో ముందే తేల్చుకోకపోతే ఇబ్బందే.

పరీక్ష ఇంగ్లీష్‌లో రాయాలి, కాబట్టి పారిభాషిక పదాలన్నీ మొదటి రోజు నుంచి ఇంగ్లీష్‌లోనే ఉండనివ్వండి. షీల్డింగ్, పోలరైజేషన్, హైబ్రిడైజేషన్, లాటిస్ ఎనర్జీ. వీటికి తెలుగు పదాలు వెతుక్కుంటూ కూర్చుంటే పరీక్ష హాల్లో మళ్లీ వెనక్కి మార్చుకోవాలి. కారణాన్ని మాత్రం మీకు మీరు తెలుగులో చెప్పుకోండి, నోటితో, గట్టిగా. సిల్వర్ క్లోరైడ్ 455 డిగ్రీల దగ్గరే ఎందుకు కరుగుతుంది, సోడియం క్లోరైడ్ 801 దాకా ఎందుకు ఆగుతుంది? సిల్వర్ అయాన్ సోడియం అయాన్ కంటే పెద్దది, అయినా దాని బయటి పొరలో పది డీ ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని సరిగా కప్పవు, అందుకే క్లోరైడ్ ఎలక్ట్రాన్ మబ్బుని తనవైపు లాక్కుంటుంది, బంధానికి కొవేలెంట్ లక్షణం వస్తుంది. ఇది తెలుగులో తడబడకుండా చెప్పగలిగితే ఫజాన్స్ నియమాలు (అయానిక్ బంధానికి కొవేలెంట్ లక్షణం ఎప్పుడు వస్తుందో చెప్పేవి) వచ్చినట్టే. తర్వాత దాన్ని నాలుగు చిన్న ఇంగ్లీష్ వాక్యాల్లో రాయండి. ఇంగ్లీష్ బాగా రాదని బెంగపడేవాళ్లకి చెప్పేది ఇదే: ఇనార్గానిక్ జవాబులో భాష గొప్పగా ఉండక్కర్లేదు, అంకె ఉండాలి, కారణం ఉండాలి, బొమ్మ ఉండాలి.

తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు పాతవి లైబ్రరీల్లోనూ, విశాఖ, శ్రీకాకుళం వైపు సెకండ్‌హ్యాండ్‌లోనూ దొరుకుతాయి. ఆంధ్రలో 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీష్ మీడియంకి మారింది కాబట్టి కొత్త ప్రచురణల మీద ఆశ పెట్టుకోవద్దు. పాతది దొరికితే బాండింగ్, పీరియాడిసిటీ అధ్యాయాలకి తోడుగా ఉంచుకోండి. అదొక్కటే ఆధారం చేసుకుంటే రెండు ఇబ్బందులు: ఒడిశా సిలబస్ వరసతో కలవదు, ఇంగ్లీష్ పదాల అలవాటు ఆలస్యమవుతుంది. ఇంట్లో ఆంధ్రలో డిగ్రీ చదివిన అక్కో బాబాయో ఉంటే వాళ్ల పుస్తకం, వాళ్ల నోరు, రెండూ వాడుకోండి.

ట్యూషన్, వీడియో, ఇగ్నో పాఠాలు

ట్యూషన్ మంచిదా కాదా అన్నది చెప్పే మనిషిని బట్టి ఉంటుంది. మొదటి వారంలోనే ప్రింటెడ్ నోట్స్ చేతిలో పెట్టి "ఇది చాలు" అంటే ఆ ట్యూషన్ గైడ్‌తో సమానం. మీ చేత బోర్డు మీద లెక్క కట్టించి, తప్పు ఎక్కడ జరిగిందో చూపిస్తే ఆ డబ్బు దండగ కాదు. చేరేముందు ఒక క్లాసు కూర్చుని, పైన చెప్పిన నైట్రోజన్ ప్రశ్న అడిగి చూడండి.

వీడియోల్లో ఆకారాల విషయం నిజంగా బాగుంటుంది. వీఎస్‌ఈపీఆర్ ఆకృతులు (ఎలక్ట్రాన్ జతల వికర్షణని బట్టి వచ్చే అణువుల ఆకారాలు), డీ ఆర్బిటాళ్లు ఏ అక్షం వైపు ఉంటాయి, సోడియం క్లోరైడ్ స్ఫటికంలో ఏ అయాన్ చుట్టూ ఎన్ని అయాన్లు, ఇవి కాగితం మీద కంటే తెర మీద తిరుగుతుంటే త్వరగా అర్థమవుతాయి. ఆక్సిజన్ ఎందుకు అయస్కాంతానికి ఆకర్షితమవుతుందో మాలిక్యులర్ ఆర్బిటాల్ పటం గీస్తూ చెప్పే వీడియో ఒకటి చూస్తే, యాంటీబాండింగ్ ఆర్బిటాళ్లలో విడివిడిగా ఉన్న రెండు ఎలక్ట్రాన్లు కళ్లముందు కనిపిస్తాయి. కానీ చూడటంతోనే వచ్చేసినట్టు అనిపించడం వీడియోతో ఉన్న పెద్ద చిక్కు. వీడియో ఆపి, అదే పటం నైట్రోజన్‌కి మీరే గీసి, బాండ్ ఆర్డర్ మూడు వచ్చిందో లేదో చూసుకున్నాకే తర్వాతది తెరవండి. ఇంకో జాగ్రత్త: తెలుగులోనూ హిందీలోనూ విరివిగా దొరికేవి నీట్, జేఈఈ కోసం చేసినవి. షార్ట్‌కట్‌లతో జవాబు గుర్తుపట్టడం నేర్పుతాయి. ఆనర్స్ పేపర్‌లో గుర్తుపట్టే నాలుగు ఆప్షన్లు ఉండవు, కారణం రాయాలి. స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల్లో యూనివర్సిటీ స్థాయి పాఠాలు ఉచితంగా ఉన్నాయి. నెమ్మదిగా సాగుతాయి, కానీ మన అవసరానికి అవే దగ్గర.

అందరూ పక్కన పెట్టేసేది, నేను ఎక్కువగా సిఫారసు చేసేది ఇగ్నో (దూరవిద్య యూనివర్సిటీ) పాఠ్యసామగ్రి. ఈజ్ఞాన్‌కోశ్ సైట్‌లో ఉచితంగా దిగుమతి చేసుకోవచ్చు. గురువు ఎదురుగా లేని విద్యార్థి కోసం రాసినది కాబట్టి ప్రతి నాలుగు పేజీలకీ ఒక ప్రశ్న అడిగి, యూనిట్ చివర జవాబు ఇస్తుంది. ఇంగ్లీష్ సరళంగా ఉంటుంది. మల్కనగిరి, గుణుపురం లోపలి ఊళ్ల నుంచి వచ్చి, సెలవుల్లో ఇంటికి వెళ్తే నెట్ సరిగా రాని పిల్లలకి, ఒకసారి ప్రింట్ తీయించి పెట్టుకుంటే పుస్తకం ధరలో కొద్ది భాగంతో పని అవుతుంది. దీనిలో లోటు ఏమిటంటే లెక్కలు తక్కువ, మీ యూనివర్సిటీ పాత ప్రశ్నల పోకడ తెలియదు. ఆ రెండింటికీ ఆనర్స్ పుస్తకం కావాలి.

ల్యాబ్‌కి వేరే చదువు లేదు

ప్రాక్టికల్స్ అంటే రికార్డ్ కాపీ చేయడం అనుకునే అలవాటు పోవాలి. మొదటి సెమిస్టర్ టైట్రేషన్లలోనే ఆక్సిడేషన్-రిడక్షన్ అధ్యాయం మొత్తం ఉంది. పర్మాంగనేట్ టైట్రేషన్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు పోస్తాం, హైడ్రోక్లోరిక్ ఎందుకు పోయం? ఆమ్ల ద్రావణంలో పర్మాంగనేట్ ప్రమాణ పొటెన్షియల్ (ఆక్సీకరించే బలానికి కొలత) 1.51 వోల్టులు, క్లోరిన్‌ది 1.36. పర్మాంగనేట్ క్లోరైడ్‌ని కూడా ఆక్సీకరిస్తుంది, బ్యూరెట్ రీడింగ్ ఎక్కువ వస్తుంది. నైట్రిక్ ఆమ్లం పోస్తే అది తనే ఆక్సీకరణి. డైక్రోమేట్‌ది 1.33 కాబట్టి అక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నా ఇబ్బంది రాదు. మరి డైక్రోమేట్‌తో ఇనుము టైట్రేట్ చేసేటప్పుడు ఫాస్ఫారిక్ ఆమ్లం ఎందుకు? ఫెర్రిక్ అయాన్‌ని కాంప్లెక్స్‌గా పట్టేసి ఇనుము పొటెన్షియల్ తగ్గిస్తుంది, అప్పుడు డైఫినైలమీన్ అనే సూచిక రంగు సరైన చోట మారుతుంది. ఆక్సాలిక్ ఆమ్లాన్ని 60–70 డిగ్రీలకి వేడి చేస్తాం, మోర్ సాల్ట్‌ని (ఫెర్రస్ అమోనియం సల్ఫేట్) వేడి చేయం, ఎందుకు? వేడికి ఫెర్రస్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఫెర్రిక్ అయిపోతుంది. వైవాలో అడిగేవి ఇవే. ప్రాక్టికల్ పుస్తకాల్లో ఏది ఎంచుకోవాలన్నా, విధానం పక్కన ఈ "ఎందుకు"లు రాసి ఉన్నదే తీసుకోండి. వీడియో చూసి పిపెట్ పట్టడం రాదు. కాలేజీలో ల్యాబ్ వారానికి ఒకసారి నిజంగా నడుస్తుందో లేదో అన్నది చేరేముందే సీనియర్లని అడగాల్సిన ప్రశ్న.

ఇక్కడే చదవాలా, అవతలికి వెళ్లాలా

ఈ ప్రశ్న తల్లిదండ్రులది. పర్లాకిమిడి వాళ్లకి పాతపట్నం పక్కనే, బరంపురం వాళ్లకి ఇచ్ఛాపురం దగ్గర, విశాఖకి రైలు ఉంది. మొదటి ఏడాది ఇనార్గానిక్ మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, దాని కోసం రాష్ట్రం మారాల్సిన పని లేదు. పర్లాకిమిడి శ్రీకృష్ణచంద్ర గజపతి కాలేజీ 1896 నాటిది, బరంపురం ఖల్లికోట కాలేజీ దానికంటే పాతది, బరంపురం యూనివర్సిటీ 1967లో వచ్చింది. ఇలాంటి పాత కాలేజీల లైబ్రరీల్లో పాత పుస్తకాలు అల్మారాల్లో ఉంటాయి, అడిగేవాళ్లే తక్కువ. ఆంధ్ర వైపు 2023-24 నుంచి ఒకే మేజర్ విధానం, ఒడిశాలో 2024-25 నుంచి నాలుగేళ్ల డిగ్రీ విధానం వచ్చాయి. సెమిస్టర్ల వరస రెండు చోట్లా వేరు. మధ్యలో మారితే కొన్ని పేపర్లు మళ్లీ చదవాల్సి రావచ్చు, కొన్ని అసలు చదవకుండానే పోవచ్చు. వెళ్లేవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే వెళ్లాలి. మైగ్రేషన్ సర్టిఫికెట్, లోకల్-నాన్‌లోకల్ నిబంధన, స్కాలర్‌షిప్ ఏ రాష్ట్రం నుంచి వస్తుంది, ఇవి ముందే తేల్చుకోవాలి.

సైన్స్ మీద నిజమైన ఇష్టం ఉన్న పిల్లలకి బరంపురం దగ్గర లౌడిగాంలో కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐఐఎస్‌ఈఆర్ ఉందని గుర్తు చేస్తాను. 2016లో మొదలైంది, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటి దగ్గర ఉన్న సంస్థకి దరఖాస్తు పెట్టకుండా మిగతా చోట్లన్నీ వెతకడం చూస్తే బాధగా ఉంటుంది. బీఈడీతో కలిపి నాలుగేళ్ల బీఎస్సీ కావాలంటే భువనేశ్వర్ ఆర్‌ఐఈ (ప్రాంతీయ విద్యా సంస్థ) ఉంది. టీచర్ కావాలనుకునేవాళ్లకి అది బాగా నప్పుతుంది.

ఎవరికి ఏది

ఆనర్స్ లేదా మేజర్‌గా కెమిస్ట్రీ తీసుకుని ఊళ్లోనే చదువుతున్నవాళ్లకి నా సలహా: సొంతానికి ఒక ఆనర్స్ పుస్తకం, లైబ్రరీ నుంచి గ్రూపుల వారీ పెద్ద పుస్తకం, ఆకారాల కోసం వీడియోలు, చివర్లో గైడ్. రెండో పుస్తకం కొనకండి. కొన్నదాన్ని పెన్ను పట్టుకుని రెండోసారి చదవండి. ఐఐటీ జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాయాలనే ఆలోచన ఉంటే మొదటి ఏడాది నుంచే లెక్కలన్నీ చేయండి. స్లేటర్ నియమాలతో జింక్ 4ఎస్‌కి 4.35, 3డీకి 8.85 మీ చేత్తో రావాలి. అది వచ్చిన రోజు, అయాన్ అయ్యేటప్పుడు 4ఎస్ ఎలక్ట్రాన్లే ముందు ఎందుకు పోతాయో వేరే చెప్పక్కర్లేదు.

కెమిస్ట్రీ మైనర్‌గా తీసుకుని ఫిజిక్సో బోటనీయో మేజర్ అయినవాళ్లకి ఇగ్నో సామగ్రి, పాత ప్రశ్నపత్రాలు చాలు. పెద్ద పుస్తకం మీద ఖర్చు వద్దు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు రెండు విషయాలు చూసుకోండి. గ్రూపులకి 1 నుంచి 18 దాకా అంకెలు ఉన్నాయా, లేక పాత రోమన్ అంకెలు, ఏ, బీ అక్షరాలు ఉన్నాయా అన్నది మొదటిది. పాత పద్ధతి ఉంటే పదమూడో గ్రూపు అక్కడ మూడు-ఏ గానో మూడు-బీ గానో ఉంటుంది, పరీక్షలో అలా రాస్తే గందరగోళం. పీరియాడిక్ టేబుల్ 118 దాకా పూర్తిగా పేర్లతో ఉంటే ఆ ముద్రణ 2016 చివర తర్వాతిది, ఎందుకంటే నిహోనియం, మోస్కోవియం, టెనెసిన్, ఓగనెసాన్ పేర్లు అప్పుడే ఖాయమయ్యాయి. రెండోది, శక్తి విలువలు కిలోకేలరీల్లో ఉన్నాయా కిలోజౌల్‌లలో ఉన్నాయా. కిలోకేలరీల్లో ఉంటే పుస్తకం వదిలేయక్కర్లేదు, ఒక్కో పట్టిక పక్కన 4.184తో గుణించి పెన్సిల్‌తో రాసుకోండి. ఆ గుణకారాలు చేస్తున్నప్పుడే సగం విలువలు గుర్తుండిపోతాయి.